సంస్కరణచిత్రములలో మూల్యము చెల్లించువారు

తెలుగుచిత్రములు బాల్యదశలో నున్నప్పుడు ప్రదర్శనశాలల వాకిట కొద్దిపాటి వెలకు పాటలపుస్తకము లమ్మెడివారు. పాటలకు ముందు రెండు విషయము లచ్చుపడి యుండెడివి. మొదటిది కథాసంగ్రహము, రెండవది పాత్రధారుల పట్టిక. కథాసంగ్రహము సగము దారి నడచి, చిక్కు బిగిసిన చోట నాగి, తక్కిన కథ వెండితెరపై చూడుడని చెప్పి సెలవు పుచ్చుకొనెడిది. పట్టికయందు ఒక వరుసలో పాత్రల పేర్లును, దాని కెదురుగా వానిని ధరించినవారి పేర్లును ఉండెడివి. ఆ కాలపు చిత్రములలో పెక్కింటి ప్రతులు నశించినవి. కొన్నింటికి ఈ రెండు పుటలే మిగిలిన యానవాలు.

విమర్శకులు సాధారణముగా ఈ రెంటిని లెక్కచేయరు. ఛాయాగ్రహణము, సంగీతము, నటనము, దర్శకత్వము మొదలగునవియే విమర్శకు తగిన విషయములని తలతురు. కాని సంఘసంస్కరణ ముద్దేశముగా తీసిన చిత్రముల విషయమున, కథను, పట్టికను పరీక్షించినందువలన తెలియవచ్చునంత, తక్కినవానిని పరీక్షించినందువలన తెలియదు. ఏలయనగా సంస్కరణ మూరక రాదు. ఎవరో యొకరు దానికి మూల్యము చెల్లింపవలెను: ధనమో, అధికారమో, పరువో, ప్రాణమో. ఆ మూల్యము నెవరిచేత చెల్లింపించిరను ప్రశ్నకు కథ సమాధానము చెప్పును. ఎవరి దుఃఖము నెవరు ధరించిరను ప్రశ్నకు పట్టిక సమాధానము చెప్పును. ఈ రెండు ప్రశ్నలను 1936 మొదలు 1939 వరకు మన దేశమున వెలువడిన కొన్ని చిత్రములకు వేసి చూతము.

ఆ నాలుగేండ్ల నెన్నుకొనుటకు కారణము కలదు. 1933 డిసెంబరులో గాంధీమహాత్ముడు హరిజనయాత్ర చేయుచు ఆంధ్రదేశమునకు వచ్చెను. 1936 నవంబరులో తిరువాన్కూరు మహారాజు తన సంస్థానమందలి దేవాలయద్వారములను హిందువులందరికిని తెరపించెను. 1937లో చెన్నపురి రాజధానియందు కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడెను. సభలయందును పత్రికలయందును నడచుచున్న చర్చ వెండితెర కెక్కుటకు కాలము పక్వమైనది.

మొదట బొంబాయి టాకీసువారి 'అఛూత్ కన్య'ను చూతము. ఇది 1936లో వెలువడిన హిందీచిత్రము. కథ వ్రాసినవాడు నిరంజన్ పాల్. దర్శకుడు ఫ్రాన్జ్ ఆస్టెన్ అను జర్మనీ దేశీయుడు. కస్తూరి రైలుగేటు కాపరి కూతురు, అస్పృశ్యురాలు. ప్రతాపుడు బ్రాహ్మణ వర్తకుని కుమారుడు. బాల్యస్నేహము ప్రేమగా మారును. కుల మడ్డుపడగా ఇరువురకు వేర్వేరుగా వివాహము లగును. తుదకు రైలుగేటు నొద్ద కస్తూరి భర్త ప్రతాపునితో కలహమునకు దిగును. వచ్చుచున్న రైలుబండి నాపబోయి కస్తూరి దానిక్రింద పడి మరణించును. ఆమె స్మారకచిహ్నము నొద్దనే చిత్ర మారంభమగును.

ఈ కథలో నపరాధము చేసిన దెవరు? కులాచారము, దానిని కాపాడిన గ్రామస్థులు. మూల్యము చెల్లించిన దెవరు? ఏ యపరాధము నెరుగని కస్తూరి. బ్రతికియున్నంత కాలము గడప దాటనీయనివారు చచ్చిన పిదప ఆమెకు స్మారకము నిలిపిరి. చచ్చినవారిని గౌరవించుట సులభము. వారు తిరిగివచ్చి మన నూతినీళ్లు తోడుకొనబోరు. ప్రేక్షకుడు కన్నీరు తుడుచుకొని లేచి యింటికి పోవును. ఆ యింటి కట్టుబాటులలో నొక్కటియు కదలదు. కరుణరసము నిండుగా నున్నదని ఈ చిత్రమును మెచ్చుకొనుటకు ముందు, ఆ కరుణ యెవరికి సుఖము కలిగించుచున్నదో యోచింపవలెను.

ఇక పట్టిక. కస్తూరి వేషము ధరించినది దేవికారాణి. ఆమె ఠాకూరు వంశముతో బంధుత్వము గలది, ఇంగ్లండునందు విద్య నేర్చినది. ఆమె నటనము ప్రశంసాపాత్రమే. అయినను చక్కగా తీర్చిన కనుబొమలతో, రంగుపూసిన పెదవులతో రైలుగేటు కాపరి కూతురు మన ముందు నిలుచునప్పుడు, నిర్మాతలు నిజమైన పేదరికమును తెరపైకి రానిచ్చుటకు కొంత జంకిరని తోచును. దీనికి తలక్రిందులైన పట్టిక మూకీల కాలమున మలయాళదేశమందు కలదు. జె. సి. డేనియల్ తీసిన 'విగతకుమారన్' అను చిత్రమున నాయరుస్త్రీ పాత్రను పి. కె. రోజీ అను దళితస్త్రీ ధరించెను. తిరువనంతపురమున ప్రదర్శించినప్పుడు, అట్టి స్త్రీ నాయరుపడతిగా తెరపై కనబడుటను సహింపక అగ్రవర్ణులు తిరుగబడిరి. ఆమె స్వస్థలము విడిచి పోవలసివచ్చెను. పైకులపు నటి క్రిందికులపు వేషము వేసినచో నది కళ యయ్యెను. క్రిందికులపు నటి పైకులపు వేషము వేసినచో నది యపచార మయ్యెను. పాత్రధారుల పట్టిక వట్టి పేర్లజాబితా కాదని చెప్పుటకు ఈ రెండు చిత్రములే చాలును.

పిదప 1938 సెప్టెంబరులో మన భాషయందు 'మాలపిల్ల' వెలువడెను. సారథి ఫిలిమ్సువారి నిర్మాణము. గూడవల్లి రామబ్రహ్మముగారి దర్శకత్వము. కథకు మూలము చలముగారిది. సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. కల్యాణపురమను గ్రామమున దేవాలయాధికారి సుందరరామశాస్త్రి హరిజనుల ఆలయప్రవేశమును నిరోధించును. ఆయన కుమారుడు నాగరాజు హరిజనబాలిక యగు శంపలతను ప్రేమించి, ఆమెతో కలకత్తాకు పోవును. గ్రామమున శాస్త్రిగారి యిల్లు తగులబడగా, మంటలలో చిక్కుకొన్న ఆయన భార్యను ఒక హరిజనుడు కాపాడును. శాస్త్రిగారి మనస్సు మారును. ఆలయద్వారములు తెరచుకొనును, దంపతుల కాశీస్సులు లభించును.

'అఛూత్ కన్య' తరువాత రెండేండ్లకే మన చిత్రము దానికంటె నెంత ముందునకు పోయినదో గమనింపదగును. ఇక్కడ నాయిక చావదు. ప్రేమించినవానితో కాపురము చేసి, తలయెత్తుకొని తిరిగివచ్చును. చిత్రమునకు ఆమె కులము పేరే పెట్టి, ఆ పేరును ఊరూర గోడలపై పెద్దయక్షరములతో నంటించుట ఆనాటి కొక సాహసము. పాత్రలు గ్రాంథికమును వదలి నిత్యవ్యవహారమందలి తెలుగు మాటలాడుటయు విశేషమే. మాలపల్లెలోని మాటకు తెరపై గౌరవము కలిగినది. ఈ గుణములను మరచి దోషములు మాత్రమే యెన్నుట న్యాయము కాదు.

అయినను మన మొదటి ప్రశ్న వేయకతప్పదు. శాస్త్రిగారి మనస్సు దేనివలన మారెను? వాదమువలన కాదు, శాస్త్రవిచారమువలన కాదు, హరిజనుడును తనవంటి మనుష్యుడే యను తలంపువలన కాదు. తన భార్య ప్రాణములు దక్కినవి గనుక మారెను. కృతజ్ఞత యుత్తమగుణమే; కాని కృతజ్ఞత వేరు, న్యాయము వేరు. కృతజ్ఞత మేలు చేసినవానికి తిరిగి మేలు చేయుట. న్యాయము మేలు చేసినవానికిని చేయనివానికిని సమానముగా చెందవలసినది. ఇల్లు కాలకపోయినచో గుడితలుపు లెన్నడు తెరచుకొనును? ఆ హరిజనుడు మంటలకు భయపడి వెనుకకు తగ్గియుండినచో, దేవుని దర్శించు హక్కు వానికి లేకపోవునా? బ్రాహ్మణుడు గుడిలోనికి పోవుటకు ముందు ఎవరి ప్రాణమును కాపాడవలెనని ఎవరును నియమము పెట్టలేదు. పేదవాడే ప్రాణమున కొడ్డి తన యోగ్యతను రుజువు చేసికొనవలసివచ్చినది. ఇక్కడ మూల్యము ప్రాణము కాదు గాని, ప్రాణముతో పందెము.

పట్టికయు ఈ మాటనే బలపరచుచున్నది. శంపలతగా కాంచనమాల, నాగరాజుగా గాలి వెంకటేశ్వరరావు, శాస్త్రిగా డాక్టరు గోవిందరాజుల సుబ్బారావు నటించిరి. కాంచనమాల సౌందర్యమునకు దేశము ముగ్ధమైనది. ఆమె చిత్రపటములు క్యాలెండర్లపై వెలసినవి. కాని నాటకరంగమున పేరుపొందిన ప్రౌఢనటుని శాస్త్రి పాత్రకు నియోగించిరి. ఏలయనగా కథలో మనస్సు మారునది ఆయనకే. సంఘర్షణ మంతయు ఆయన హృదయమందే. చిత్రము పేరు మాలపిల్లది, కథ శాస్త్రిగారిది. ఆమె సౌందర్యమై నిలిచెను. ఆయన మనుష్యుడై మారెను.

ఇందుకు కొంద రిట్లు ప్రత్యుత్తరము చెప్పవచ్చును: చిత్రము చూడవచ్చిన వారిలో పెక్కురు శాస్త్రిగారివంటివారే, వారికి తగినట్లు చెప్పవలదా? హృదయపరివర్తనమే గాంధీమార్గము గదా? ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని లోకమున జరిగినది చూడుడు. 1939 జూలై 8వ తేదీన మధురలో మీనాక్షీదేవాలయమునందు ఎ. వైద్యనాథయ్యరు ప్రభృతులు హరిజనులతో కలిసి ప్రవేశించిరి. ఆ సంవత్సరమే చెన్నపురి ప్రభుత్వము ఆలయప్రవేశమునకు శాసనము చేసెను. అందుకు తగులబడిన యిల్లు లేదు. ఏండ్ల తరబడి సభలు చేసినవారు, సంతకములు కూర్చినవారు, దూషణములు సహించినవారు కారణము. తెరపై నగ్నిహోత్రుడు చేసిన పనిని నేలపై మనుష్యులే చేసిరి.

ఇక స్త్రీల విషయమునకు వత్తము. కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' నాటకముగా తెలుగునాట ప్రసిద్ధము. దానిని 1939లో సి. పుల్లయ్యగారు చిత్రముగా తీసిరి. పురుషోత్తమరావునకు కాళింది, కమల యను కుమార్తె లిద్దరు. కాళింది వివాహమునకై లోభియగు సింగరాజు లింగరాజు, తన దత్తపుత్రునకు కట్నము కోరును. తండ్రి ఆస్తి నమ్ముకొనుట చూడలేక కాళింది నూతిలోబడి ప్రాణము విడుచును. పుచ్చుకొన్న సొమ్ము లింగరాజు తిరిగి యీయడు. అంతట కమల ఆ వరునే వివాహమాడుట కంగీకరించును. పెండ్లియైన పిదప మాత్రము అత్తవారింటికి పోను పొమ్మనును. వ్యవహారము న్యాయస్థానమున కెక్కగా ఆమె వాద మిది: వెలయిచ్చి కొన్న వస్తువు కొన్నవారి యింట నుండవలెను, మేము వరుని కొంటిమి, కావున వరుడే మా యింటికి రావలెను.

నాటకము నూతివద్దనే ముగిసియుండినచో కాళింది మరియొక కస్తూరి యగును. మనము కన్నీరు కార్చి, మరునాడు కట్నము మాటలాడుకొనుటకు పోయియుందుము. కమల యుండుటవలన ఆ యవకాశము మనకు లేకపోయెను. ఆమె లింగరాజు మనస్సు మారునని యెదురుచూడలేదు. ఆయన యింటికి నిప్పంటుకొనునని దైవమును ప్రార్థింపలేదు. ఆయన తర్కమునే చేతబట్టుకొని ఆయన కప్పగించెను. అమ్మకమని మీరన్నచో అమ్మకమే కానిండు, అమ్మకమునకు గల ధర్మములన్నియు వర్తించుగాక యనెను. నవ్వు పుట్టించుచునే ఈ వాదము ఆచారమును కూకటివేళ్లతో కదల్చుచున్నది. ఇచ్చట ధనము, పరువు పోగొట్టుకొన్నవాడు తప్పు చేసినవాడే. నే చూచిన సంస్కరణకథలలో ఈ లెక్క యింత సరిగా కుదిరినవి కొద్ది.

పట్టికయందును ఔచిత్యము కలదు. 'సత్యహరిశ్చంద్రీయము' వ్రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారే లింగరాజు వేషము ధరించిరి. కాళింది పాత్రతో భానుమతి తొలిసారిగా తెర కెక్కెను. కమలగా పుష్పవల్లి నటించెను. అప్పటికి భానుమతి పదమూడు పదునాలుగేండ్ల బాలిక. బాలికలకు పదునాలుగేండ్లు నిండనిదే వివాహము చేయరాదని శాసించిన శారదాచట్టము 1930లో నమలులోనికి వచ్చియుండెను. పెండ్లికూతుండ్ర నిజమైన వయస్సేదో, ఏ వయస్సున వారిని సంతలో నిలబెట్టుచున్నారో, ఆ ముఖములను చూచిన ప్రేక్షకునకు వేరుగా చెప్పనక్కరలేదు. ఉపన్యాసము చేయలేని పనిని ఇక్కడ పట్టిక చేసినది.

అదే 1939లో అరవమున 'త్యాగభూమి' వచ్చినది. కల్కి వ్రాసిన కథ 'ఆనందవికటన్' పత్రికలో ధారావాహికముగా వెలువడుచుండగా, చిత్రమందలి ఛాయాపటములే దానికి బొమ్మలుగా నచ్చుపడినవి. దర్శకుడు కె. సుబ్రహ్మణ్యము. ఎస్. డి. సుబ్బులక్ష్మి సావిత్రిగాను, పాపనాశము శివన్ ఆమె తండ్రి శంభుశాస్త్రిగాను నటించిరి. భర్త నిరాదరించిన సావిత్రి, బిడ్డను తండ్రియొద్ద విడిచి పోయి, బంధువుల యాస్తి సంక్రమింపగా ధనికురాలై తిరిగివచ్చును. అప్పుడు భర్త తన భార్యను తన కిప్పింపుమని న్యాయస్థానమున కెక్కును. కాపురమునకు పోను, కావలసినచో నేనే యాయనకు భరణ మిచ్చెదనని సావిత్రి చెప్పును. కమల వాదమునకు ఇది సోదరివంటి మాట. అయితే భేద మొకటి కలదు. సావిత్రి కా మాట యనగల ధైర్య మిచ్చినది సంక్రమించిన యాస్తి. ఆస్తి రాని సావిత్రుల గతి యేమి? కమలకు కలిసివచ్చిన భాగ్యము లేదు. ఉన్నది బుద్ధి మాత్రమే. కావున సామాన్యగృహమందలి బాలికకు కమలయే యెక్కువ దగ్గరిది.

మూల్యమును బలవంతుల నడిగిన చిత్రములకు లోకమున నేమి జరిగినదో కూడ చెప్పవలెను. 1939లోనే రామబ్రహ్మముగారు 'రైతుబిడ్డ' తీసిరి. సుప్రసిద్ధనటులు, న్యాయవాది బళ్లారి రాఘవగారు అందు రైతు నర్సిరెడ్డి పాత్ర ధరించిరి. అప్పులలో మునిగి, జమీందారు పక్షమున కోటు వేయక బాధలు పడిన రైతు కథ యది. చల్లపల్లి రాజావారివంటి జమీందారే ఆ చిత్రసంస్థకు అండగా నుండుట ఒక వింత. అయినను ఇతర జమీందారు లభ్యంతరము చెప్పగా చిత్రము నిషేధమునకు గురియైనది. 'త్యాగభూమి'ని ప్రభుత్వము 1940లో నిషేధించినది. కస్తూరి మరణము నెవ్వరును నిషేధింపలేదు. అబల ప్రాణము విడిచిన కథవలన ఎవరికిని భయము లేదు. భూస్వామి, ప్రభుత్వము తమ వంతు చెల్లింపవలెనన్న కథవలననే భయము.

ఈ ప్రశ్నలు గతించిన కాలమునకే పరిమితములని తలపరాదు. డెబ్బదియైదేండ్ల పిమ్మట నాగరాజ్ మంజుళే 2013లో మరాఠీభాషయందు 'ఫాండ్రీ' తీసెను. ఆయన స్వయముగా దళితకుటుంబమున జన్మించినవాడు. జబ్యా యను బాలుని పాత్రకు, అంతకుముందు నటన మెరుగని సోమనాథ్ అవఘడే యను పల్లెబాలుని తెచ్చెను. కథ చిన్నది. జబ్యా పైకులపు సహాధ్యాయినిని మూగగా ప్రేమించును. అతని కుటుంబము ఊరిలో పందులు పట్టుటకు దిగగా, ఆ బాలికయు తోడి పిల్లలును చూచుచు నవ్వుదురు. ఇక్కడ అగ్నిప్రమాదము లేదు, రైలుబండి లేదు, కలిసివచ్చిన యాస్తి లేదు. తుదకు సహనము నశించి జబ్యా ఒక రాయి విసరును. ఆ రాయి నేరుగా తెరనుండి మనమీదికి వచ్చును. అంతటితో చిత్రము ముగియును. శాస్త్రిగారి మనస్సు మారినందున మన మనస్సును మారినట్లే సంతోషించు సదుపాయము ఈ దర్శకుడు మన కీయలేదు. మూల్యము చెల్లింపవలసినవారు కుర్చీలలో కూర్చున్నవారే యని సూచించెను.

నేడు చిత్రశాలకు పోనక్కరలేకయే ప్రతిగృహమునను సాయంకాలము ధారావాహికలు నడచుచున్నవి. వానిలో పెక్కింట కోడలు సహించును, ఏడ్చును, ఉపవాసము లుండును. ఎన్నో నెలల కత్తగారి మనస్సు కరగును. అదియు శాస్త్రిగారి కథయే. సహించుట కోడలి వంతు, మారుట అత్తగారి ఘనత. పిల్లలు మన ప్రక్కనే కూర్చుండి వీనిని చూచుచున్నారు. ఇట్టివానిని చూడవలదని నిషేధించుట నిష్ప్రయోజనము, అసాధ్యము. చూచిన పిదప ఇంటిలో నాలుగు మాట లాడుకొనుట మాత్రము సాధ్యమే. ఈ కథలో తప్పెవరిది, దానికి సొమ్ము చెల్లించిన దెవరు? మంచిఫలము పాత్రల బుద్ధిచేత వచ్చినదా, నిప్పు వచ్చి తెచ్చినదా? బాధపడినవారి వేషము నెవరికిచ్చిరి, వారి నోట నెన్ని మాటలు పెట్టిరి?

1961లో వరకట్ననిషేధచట్టము వచ్చెను. కట్నము పోలేదు, 1986లో వరకట్నమరణములకు ప్రత్యేకముగా శిక్ష విధింపవలసివచ్చెను. అనగా కాళిందులు నేటికిని నూతులవైపు నడచుచునే యున్నారు. మన బాలికలలో కాళిందిని తలచుకొని కన్నీరు పెట్టువారు పెక్కురు కలరు. కమల వాదమును కంఠస్థము చేసి, పెండ్లిచూపులనాడే నలుగురిలో నప్పగింపగలవారు కావలెను. అట్టి బాలిక మన యింట మాటలాడిన దినమున ఆమెను వారింపక వినుట తల్లిదండ్రులు చెల్లింపవలసిన మూల్యము.